అప్‌డేట్: డేలీ వాటర్స్ పబ్బు దగ్గర ఆగాం

ఆస్ట్రేలియాలో కారవాన్‌లో (పడక, వంట సదుపాయం ఉన్న బండి) డార్విన్ నుంచి ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్తూ డేలీ వాటర్స్ పబ్బు దగ్గర రాత్రి ఆగవచ్చా, వెంట ఉన్న అత్తయ్య, మామయ్య ఇబ్బంది పడతారా అని అడిగాను కదా. ఆగాం. మీరూ నిస్సంకోచంగా ఆగండి.

డార్విన్‌కు దక్షిణాన దాదాపు 600 కిలోమీటర్లు వెళ్లాక, స్టూవర్ట్ హైవే నుంచి కొద్దిగా లోపలికి తిరగాలి. 1930 నాటి పబ్బు. లోపల పైనుంచి గుత్తులుగా వేలాడే ఆడవాళ్ల లోదుస్తులు చూసి అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు, ఎంతకీ ఆపరే! మామయ్య మాత్రం గోడకు అంటించిన దేశదేశాల నోట్లలో గాంధీగారి కోసం వెతికి, చివరికి ఓ పది రూపాయల కాగితం పట్టుకున్నారు. బయట ఎప్పుడూ ఎర్రగానే వెలిగే ట్రాఫిక్ లైటు ఒకటి ఉంది. ఆపడానికి బండ్లేవీ?

ఒకప్పుడు లండన్ వెళ్లే క్వాంటాస్ విమానాలు ఇంధనం కోసం ఇక్కడ దిగేవి. విమానాలు నిలిపే పాత షెడ్డు (హ్యాంగర్) ఇప్పటికీ ఉంది, తప్పక చూడండి.

మాంసం, బారమండి చేప తినేవారికి పండగే. శాకాహారులకు చిప్సు, సలాడే గతి. మేం కారవాన్‌లో పప్పన్నం వండుకున్నాం.

మే నుంచి సెప్టెంబరు దాకా రద్దీ ఎక్కువ, కరెంటు ఉన్న స్థలం కావాలంటే మధ్యాహ్నానికే చేరుకోండి. దారిలో 50 మీటర్లు దాటిన రోడ్ ట్రైన్లు (వరసగా ట్రైలర్లు తగిలించుకున్న భారీ లారీలు) ఎదురైతే స్టీరింగు గట్టిగా పట్టుకోండి, ఆ గాలికి కారవాన్ ఊగుతుంది.