అప్‌డేట్: ఎస్ప్రెసో మెషీన్‌కు సరిపడే నీరు కుదిరింది

హైదరాబాద్‌లోని మా ఇంటి బోరు నీటితో ఎస్ప్రెసో కాఫీ మెషీన్‌లో సున్నపు పొర కడుతోందని, డిస్టిల్డ్ వాటర్ పోస్తే బాయిలర్ నిండినా పంపు ఆగడం లేదని గతంలో అడిగాను. శుద్ధమైన నీటిలో విద్యుత్తు సరిగా ప్రవహించనందున సెన్సర్ నీటిమట్టాన్ని గుర్తించలేదన్న మీ వివరణ నిజమే.

ఇప్పుడు లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు 100 మిల్లీగ్రాముల పొటాషియం బైకార్బనేట్ అనే లవణం కలుపుతున్నాను. అంత తక్కువ పరిమాణాన్ని వంటింటి కాటాపై తూచడం సాధ్యం కాదు కనుక, 10 గ్రాముల పొడితో లీటరు ద్రావణం చేసిపెట్టుకుని, సిరంజితో లీటరుకు 10 మిల్లీలీటర్ల చొప్పున పోస్తున్నాను. కాల్షియం లేనందున సున్నం పేరుకునే ప్రసక్తే లేదు. ఆ లవణం వల్ల నీటిలో విద్యుత్తు ప్రవహిస్తున్నందున సెన్సర్ కూడా పనిచేస్తోంది. ఆవిరి గొట్టం కొనను తుడిచిన గుడ్డకు తెల్లటి పొడి అంటకపోవడం చూసి ఎంతో సంతోషించాను. అరకు కాఫీ గింజల పులుపు మాత్రం కాస్త తగ్గినట్లనిపించింది. నాకు అదే నచ్చింది.