హార్స్‌షూ క్రాబ్ కంటి నరం మెదడుకి ఎలా కలుస్తుంది? జువాలజీ వాళ్ళు చెప్పండి

గుంటూరు_కుర్రోడు:
గుంటూరులో బీఎస్సీ ఫైనల్ ఇయర్ అండి, సెమినార్‌కి హార్స్‌షూ క్రాబ్ కళ్ళు ఇచ్చారు. నోట్సులో, తల పక్కవైపుండే ఒక్కో కంట్లో దాదాపు 1000 ఒమ్మటిడియాలు (కన్నుని కలిపి కట్టే చిన్న చిన్న కంటి భాగాలు) ఉంటాయని రాసి, ఆప్టిక్ నర్వ్ ద్వారా సమాచారం మెదడుకు చేరును అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఒక్కోదానికీ విడిగా తీగ ఉంటుందా, అన్నిటికీ కలిపి ఒకటేనా? బొమ్మలో మెదడుని అన్నవాహిక చుట్టూ రింగులా గీశారు, అది ప్రింటు తప్పేనా?

బెజవాడ_బాబాయ్:
తప్పేం కాదు బాబూ, అన్నవాహిక మెదడు మధ్యలోంచే పోతుంది. ఇక తీగల సంగతి. ఒక్కో ఒమ్మటిడియంలో వెలుతురుని పట్టే రెటిన్యులా కణాలు గుండ్రంగా ఉంటాయి, వాటి మధ్యకి ఎక్సెంట్రిక్ కణం ఒకటి చేయి చాపుకుని ఉంటుంది. ఇంపల్స్‌లు, అంటే నరాల విద్యుత్ సిగ్నల్స్, మోసేది దీని ఆక్సానే (కణం నుంచి సాగే పొడవాటి పోగు), కాబట్టి ఒమ్మటిడియానికి ఒక ముఖ్యమైన తీగ అనుకో. అవన్నీ కట్టగా మెదడుకి వెళ్ళి అక్కడ చూపు చూసుకునే భాగాల్లో, ముందు లామినాలో, తర్వాత మెడుల్లాలో కలుస్తాయి. ఈ నరం పొడుగ్గా ఉంటుంది, పోగులు విడదీయొచ్చు, అందుకే హార్ట్‌లైన్ అనే శాస్త్రవేత్త 1932లోనే ఒక్క పోగు సిగ్నల్‌ని రికార్డు చేయగలిగాడు. 1967లో నోబెల్ వచ్చింది.

అయితే మెదడుకి చేరేలోపే కంట్లో సగం పని అయిపోతుంది. ఒమ్మటిడియాల వెనక నరాల వల ఉంటుంది, దాని ద్వారా ప్రతిదీ పక్కదాన్ని కాస్త అణుస్తుంది. వెలుగూ నీడా కలిసే అంచు దగ్గర చూడు: వెలుగు వైపున్నదాన్ని నీడ వైపు వాళ్ళు పెద్దగా అణచరు, నీడ వైపున్నదానికేమో అవతలి నుంచి గట్టి దెబ్బ. దాంతో అంచు ఉన్నదానికంటే స్పష్టంగా తేలుతుంది. సెమినార్‌లో దీనికే ఎక్కువ టైమ్ పెట్టు.

తెనాలి_టీచర్:
బాబాయ్ గారు వన్‌వే లాగా చెప్పారు, నా లెక్కలో అసలు మజా తిరుగు దారిలో ఉంది. మెదడులో గడియారం ఉంది, రాత్రయితే అదే ఆప్టిక్ నర్వ్‌లోంచి కంటికి సిగ్నల్స్ పంపుతుంది, అక్కడ ఆక్టోపమిన్ అనే రసాయనం విడుదలై కన్ను సున్నితత్వం విపరీతంగా పెరుగుతుంది. పూర్తి చీకట్లో ఉంచినా ఈ రోజువారీ లయ ఆగదు, నరం కోసేస్తే మాత్రం కంట్లో ఆగిపోతుంది. దీన్ని బార్లో అనే శాస్త్రవేత్త బృందం తేల్చింది. ఆడదాని ఆకారంలో సిమెంటు బొమ్మలు నీళ్ళలో పెడితే మగవి వాటి దగ్గరికీ వచ్చాయి, అంటే జత వెతకడానికి చూపు పనికొస్తోందన్నమాట.

మిర్చి_మాస్టారు:
మన సూర్యలంక బీచ్‌లో దొరుకుతాయా ఇవి? మా వాడికి చూపిద్దామని.

తెనాలి_టీచర్:
మన దేశంలో వీటికి పేరున్నది ఒడిశా, బెంగాల్ తీరాలు, బాలాసోర్ వైపు వెళ్ళండి. హార్ట్‌లైన్ వాడింది మాత్రం అమెరికా జాతి లిమ్యులస్, మన వైపువి వేరే జాతులు.

గుంటూరు_కుర్రోడు:
థాంక్యూ మేడమ్, బాబాయ్ గారూ. ఆ తిరుగు దారి మా నోట్సులో అస్సలు లేదు, దాంతోనే మొదలుపెడతా.