నా జీతంలో కోత, ఎవరి బండిలో సరుకు?

ఇర్వింగ్ బావ:
ట్యాక్స్ సీజన్ కదా, కడుపు మండి రాస్తున్నా. పోయినేడు నా జీతంలోంచి ఫెడరల్ పన్ను కాక సోషల్ సెక్యూరిటీకి (రిటైరైనవాళ్ల పింఛను) 6.2 శాతం, మెడికేర్‌కి (65 దాటినవాళ్ల ఆరోగ్య బీమా) 1.45 శాతం పోయాయి. మొన్న సరుకులకి వెళ్తే నా ముందున్న కుర్రాడు, దుక్కలా ఉన్నాడు, రెండు కేసుల సోడా, చిప్స్ పెట్టి, పేదలకి ప్రభుత్వం సరుకులకిచ్చే ఫుడ్ స్టాంపుల ఈబీటీ కార్డు గీకేశాడు. వెనకాల నేను ఫోన్లో కూపన్లు వెతుక్కుంటున్నా. సొమ్మొకడిది, సోకొకడిది! ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడే దేశమని వచ్చాం. ఇక్కడా ఉచితాలేనా? ఫెడరల్ ఆదాయపు పన్నులో 40 శాతం దాకా పై ఒక్క శాతం మందే కడుతున్నారు. ఇంకెంత పిండుతారు? మా నాన్న రెండెకరాల మీద ముగ్గుర్ని చదివించాడు, ఎవర్నీ చెయ్యి చాచి అడగలేదు.

వరంగల్ వినయ్:
అన్నా, ఆ రెండెకరాలకు కరెంటు బిల్లు కట్టిండ్రా నాన్న? నీ ఇంజినీరింగ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ కాదా? నాదైతే గదే. ఏరు దాటినంక తెప్ప తగలేస్తే ఎట్ల?

ఇర్వింగ్ బావ:
రీయింబర్స్‌మెంటే, దాచేదేముంది. కానీ అది చదువుకి. చదివాను, ఇప్పుడు పన్ను కడుతున్నాను. సోడాకీ సీటుకీ పోలికేంటి? అయినా సంగతి అమెరికాది, ఇక్కడే ఉందాం.

బిల్లింగ్ అక్క:
మీ ఇర్వింగ్ ఉన్న టెక్సాస్ డల్లాస్ కౌంటీలోనే ఆసుపత్రి బిల్లింగ్‌లో పదకొండేళ్లుగా ఉన్నాను, కొంచెం పొడుగ్గానే రాస్తాను.

బావగారూ, ఆ కుర్రాడికి పిల్లల్లేకపోయి, ఒళ్లు బాగుంటే, నెలకి 80 గంటల పని చూపించాలి. లేదంటే మూడేళ్లలో మూడు నెలలే ఫుడ్ స్టాంపులు. 1996లో క్లింటన్ సంతకం పెట్టిన చట్టం అది. 2025 చట్టంతో ఆ షరతు 64 ఏళ్ల వయసు దాకా పాకింది. అంటే మీరు అడుగుతున్న బాధ్యత రూల్స్‌లో ఉంది. ఆయన రాత్రిపూట ఏ గిడ్డంగిలో పెట్టెలు మోస్తున్నాడో మీకు తెలీదు, నాకూ తెలీదు.

పేదలకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, మెడికెయిడ్ సంగతి వినండి. టెక్సాస్ దాన్ని విస్తరించలేదు. పిల్లల్లేని, వైకల్యం లేని పెద్దవాళ్లకి ఎంత పేదరికమున్నా ఇక్కడ రాదు. షుగర్‌కి మందు కొనలేని మనిషి కాలు కుళ్లాక ఎమర్జెన్సీకి వస్తాడు. డబ్బుల్లేవని తిప్పి పంపకూడదని 1986 నుంచి చట్టం ఉంది, సంతకం పెట్టింది రీగన్. మరి ఆ ఖర్చు ఎవరిది? ఇర్వింగ్‌లో మీకు ఇల్లుంటే ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు తీసి చూడండి. పార్క్‌లాండ్ హాస్పిటల్ (కౌంటీ ప్రభుత్వాసుపత్రి) అని విడిగా ఒక లైను ఉంటుంది. నెలకి ఇంతని మందులివ్వడానికి ఒప్పుకోం, కాలు తీసేసే ఆపరేషన్‌కి మాత్రం కడతాం. దీన్ని పొదుపంటే నాకు నవ్వొస్తుంది.

పని షరతులు పెడితే జనం దారికొస్తారంటారా? 2018లో ఆర్కన్సాస్ మెడికెయిడ్‌కి పెట్టి చూసింది. పనిచేసినట్టు ఆన్‌లైన్లో నమోదు చేయాలి. ఆ వెబ్‌సైటేమో రాత్రి 9కి మూసేసి పొద్దున 7కి తెరిచేవాళ్లు! (వెబ్‌సైటుకి కూడా నిద్ర కావాలి కాబోలు.) కొన్ని నెలల్లోనే దాదాపు 18,000 మందికి బీమా పోయింది. ఉద్యోగాలు పెరిగిన దాఖలా కనపడలేదు. 2019లో కోర్టు ఆపింది. పొమ్మనలేక పొగబెట్టడమంటే అదే.

ట్యాక్స్ శీను:
అక్క చెప్పింది ఖర్చు వైపు. నేను రిటర్నుల వాణ్ని, నా వైపు నుంచి ఓ మాట. బావ 22 శాతం శ్లాబులో ఉన్నాడనుకుందాం. జీతంలోంచి రిటైర్మెంట్‌కి దాచుకునే 401కే ఖాతాలో 2025 పరిమితి 23,500 డాలర్లు, నిండా పెడితే పన్నులో 5,170 ఆదా. కంపెనీ ఫ్యామిలీ ఇన్సూరెన్స్‌కి కట్టే వాటా ఏడాదికి 19,000 అనుకోండి, దానిమీద ఆదాయపు పన్ను లేదు కాబట్టి 4,180. కలిపితే 9,350. ఫుడ్ స్టాంపులు 2024లో మనిషికి సగటున నెలకి 190 డాలర్ల లోపే, ఏడాదికి 2,280 కూడా దాటలేదు. ఆయన కౌంటర్ దగ్గర నలుగురి ముందు తీసుకుంటాడు, మనం దొడ్డిదారిన తీసుకుంటాం.  

ఇర్వింగ్ బావ:
శీనూ, ఇదే నేను ఒప్పుకోను. నా డబ్బు నా దగ్గరే ఉండనివ్వడం, వేరేవాడి డబ్బు తెచ్చి నాకివ్వడం ఒకటా? పైగా 401కే మీద పన్ను మాఫీ కాదు, వాయిదా. రిటైరయ్యాక కట్టేది నేనే.

ట్యాక్స్ శీను:
వాయిదా మాట కరెక్ట్, ఆ 5,170ని అంతా లాభమని రాయడం నా తప్పు. ఇన్సూరెన్స్‌ది మాత్రం వాయిదా కాదు, మాఫీయే. ఖజానాకి పడే చిల్లు రెండింటివల్లా ఒకటే.

హెచ్‌వన్ ఏడో ఏడు:
మీ ఇద్దరికీ గ్రీన్‌కార్డులున్నాయి కాబట్టి కొట్టుకుంటున్నారు. పదేళ్ల పని, అంటే 40 క్రెడిట్లు పూర్తవకుండా ఇండియా వెళ్లిపోతే నేను కట్టిన సోషల్ సెక్యూరిటీ గోవిందా. దీనిమీద రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు. అసలు పెద్ద ఖర్చు కూడా ఆ వైపే ఉంది. 2024లో ఫుడ్ స్టాంపులు సుమారు 10,000 కోట్ల డాలర్లయితే, సోషల్ సెక్యూరిటీ దానికి 14 రెట్లు. బాధ్యత అడగాలంటే గోల్ఫ్ ఆడే రిటైరైన లక్షాధికారిని అడగండి. 2025లో జీతం 1,76,100 డాలర్లు దాటాక ఆ 6.2 శాతం కూడా ఆగిపోయింది, అది ఎవరూ మాట్లాడరు.

ఇర్వింగ్ బావ:
రిటైరైనవాళ్లు కట్టి తీసుకుంటున్నారు కదా. నా సంగతే చెప్తా. అమ్మకి 67, గ్రీన్‌కార్డు వచ్చి వచ్చే నెలకి ఐదేళ్లు. స్పాన్సర్‌గా సంతకం పెట్టింది నేను, భారం నాది. ఐదేళ్లు నిండితే మెడికేర్ కొనుక్కోవచ్చు, పూర్తి ప్రీమియం కట్టి కొంటా. పార్ట్ ఏకి (ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చు), పార్ట్ బీకి (డాక్టర్ల ఖర్చు) కలిపి 2025 రేటే నెలకి 703 డాలర్లు. ఉచితం అడగట్లేదు.

బిల్లింగ్ అక్క:
అమ్మగారి విషయంలో మీరు చేసేది మంచి పని, నిజంగా. అందరూ అలా చేయరు, మన సంఘాల్లోనే చూస్తున్నాం. కానీ పార్ట్ బీ మామూలు ప్రీమియం అసలు ఖర్చులో నాలుగోవంతు మాత్రమే. మిగతా ముప్పావు దాదాపుగా ఖజానాదే. ఆ సోడా కుర్రాడు పన్ను కడుతుంటే ఆయనదీ అందులో ఉంది.

ఇర్వింగ్ బావ:
నాలుగోవంతేనా? ఆ 703లో బీకి 185 కడితే అయిపోయిందనుకున్నా.

సరే, ఆ లెక్క నాకు తెలీదు. ఒప్పుకుంటున్నా. సోడా మాత్రం ఒప్పుకోను. 2025లో టెక్సాస్ ఫుడ్ స్టాంపులతో తీపి డ్రింకులు కొనకూడదని చట్టం చేసింది, నాకు నచ్చింది.

వరంగల్ వినయ్:
సోడా బంద్ చేసుడు నాకూ ఓకే అన్నా. అక్కా, పార్ట్ బీకి లేటుగా అప్లై చేస్తే పెనాల్టీ ఉంటదటగా? మా అత్తమ్మ కోసం అడుగుతున్న.

బిల్లింగ్ అక్క:
ఉంటుంది వినయ్. అర్హత వచ్చాక పూర్తిగా ఆలస్యం చేసిన ప్రతి 12 నెలలకీ 10 శాతం, అదీ పార్ట్ బీ ఉన్నన్నాళ్లూ. బావగారూ, మీరూ వచ్చే నెల దాకా ఆగకండి, సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో ఇప్పుడే అపాయింట్‌మెంట్ తీసుకోండి.