మామిడి సీజన్‌లో పదో తరగతి హాజరు: మీ బడిలో ఏం చేస్తున్నారు?

బంగారుపాళెం వైపు హైస్కూల్లో సైన్స్ చెప్తాను. జూన్ 12న బడి తెరుస్తాం, అప్పటికే తోతాపురి కోతలు. పదో తరగతిలో వెనక బెంచీలు ఖాళీ. రేటు పడిపోయిన ఏడు మరీ కష్టం, కూలీ మిగులుతుందని ఇంటి పిల్లోడినే తోటకు తీసుకుపోతారు. నాన్న గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్‌తో క్యూలో ఉంటే తోట చూసేది వాడే. వచ్చేసరికి రసాయన సమీకరణాల పాఠం అయిపోయుంటుంది. పైనుంచి మాత్రం హాజరు శాతం ఎందుకు తగ్గిందని ఫోన్లు. మీరెలా నెట్టుకొస్తున్నారు?

జవాబు 1 (తిరుపతి, లెక్కల టీచర్)
సార్, విద్యాహక్కు చట్టం 2009 వర్తించేది 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకే. పదోకొచ్చేసరికి చాలామంది ఆ వయసు దాటేస్తారు. చట్టం పేరు చెప్పి భయపెడితే పని జరగదు, ఇంటికెళ్లి మాట్లాడాల్సిందే.

జవాబు 2 (మామిడి రైతు, ఓ పదో తరగతి పిల్ల తండ్రి)
అయ్యవారూ, మాకేమన్నా సరదానా? కాయ చెట్టుమీదే మాగితే ఫ్యాక్టరీవాళ్లు తీసుకోరు. పొద్దున కోతకు పిలుచుకుపోయి తొమ్మిదికల్లా బడికి పంపిస్తా. పాప మొదటి గంటలో తూగుతుంది, తిట్టొద్దండి.

ప్రశ్న వేసినాయన
తిట్టనులేన్నా. ఆ సమీకరణాలు జులై ఆఖర్లో సాయంత్రం మళ్లీ చెప్తా. హాజరు అడిగేవాళ్లకు మాత్రం ఓసారి మీ తోట చూపించాలి.