గ్రహణ సమయం సరిగ్గా వచ్చిందంటే నియమం కూడా నిజమేనా? అమ్మాయికి ఎలా చెప్పాలి?

మేము హైదరాబాద్ మల్కాజిగిరిలో ఉంటాం. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం కదా, మా అత్తగారు ఆవకాయ జాడీ మీద, పాలగిన్నెలో దర్భలు వేసి, సాయంత్రమే అందరికీ భోజనాలు పెట్టేశారు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి పంచాంగం పట్టుకుని మేడ ఎక్కింది. అందులో ఉన్నట్టే, పది కావస్తుండగా చంద్రుడి అంచు నల్లబడింది. "పంచాంగం లెక్క తప్పలేదు. మరి తినకూడదన్న మాట మాత్రం ఎందుకు తప్పవుతుంది?" అని అడిగింది.

కసిరి కూర్చోబెట్టే ప్రశ్న కాదిది. గ్రహణ సమయం గణితం. భూమి నీడే కారణమని ఆర్యభటుడు ఐదో శతాబ్దంలోనే చెప్పాడు. ఆ లెక్కను ఆకాశం చూసి ఎవరైనా సరిచూసుకోవచ్చు. అన్నం పాడవుతుందన్నది వేరే మాట, దానికి వేరే పరీక్ష కావాలి. ఈసారి గ్రహణానికి రెండు గిన్నెల్లో అన్నం పెట్టి, ఒకదాంట్లోనే దర్భ వేసి చూద్దామంటోంది అమ్మాయి. అత్తగారికేమో అది దేవుణ్ణి పరీక్షించడం. ఆవిడ ఉపవాసం, జపం అంటే నాకు గౌరవమే. వాటికి రుజువు అడగను.

ఆవిడ మనసు కష్టపెట్టకుండా ఈ ప్రయోగం ఎలా చేయించాలి? రెండు గిన్నెలు చాలా? గ్రహణం లేని రాత్రి కూడా ఇలాగే చేసి పోల్చాలా? పిల్లలతో ఇలాంటివి చేయించినవారు దయచేసి చెప్పండి.