స్నానం నీళ్లకు రాడ్డు చవకా, గ్యాస్ చవకా?

కృష్ణలంక కుర్రాడు:
చలి మొదలైంది, ఇంట్లో రోజూ ఇదే గొడవ. 1500 వాట్ల రాడ్డు పెడితే మీటరు గిర్రున తిరుగుతుందని, గ్యాస్ మీదే కాచుకోమని నాన్నగారు. 1000 వాట్ల రాడ్డయితే బిల్లు తగ్గుతుందని బావ. ఎవరి మాట వినాలి?

బ్రాడీపేట మాస్టారు:
ముందు బావగారి మాట పక్కన పెట్టండి. ఎన్ని కిలోల నీళ్లు, ఎన్ని డిగ్రీలు పెరగాలి అన్నదే లెక్క, వాట్లతో పనిలేదు. కిలో నీళ్లకు ఒక్క డిగ్రీ పెరగాలంటే 4.186 కిలోజౌళ్లు. 20 లీటర్ల బకెట్ 22 డిగ్రీల నుంచి 42కి రావాలంటే 20 × 4.186 × 20, దాదాపు 1,674 కిలోజౌళ్లు. యూనిట్ కరెంటు 3,600 కిలోజౌళ్లు కదా, అంటే 0.465 యూనిట్. పెద్ద రాడ్డుకు 19 నిమిషాలు, చిన్నదానికి 28. ఆలస్యమయ్యేకొద్దీ బకెట్ నుంచి పోయే వేడి అదనం.

పటమట వదిన:
గ్యాస్ సంగతి తేల్చకుండా జారుకున్నారేంటి మాస్టారూ?

బ్రాడీపేట మాస్టారు:
అయ్యో, వస్తున్నానమ్మా. కిలో గ్యాస్‌లో సుమారు 46,000 కిలోజౌళ్లు. అందులో 60 శాతం నీళ్లకు చేరిందనుకుంటే బకెట్‌కు 61 గ్రాములు. 14.2 కిలోల సిలిండరు 900 రూపాయలనుకుంటే 3.85 అవుతుంది. కరెంటు యూనిట్ 6 రూపాయల స్లాబులో 2.80, 8.75 స్లాబులో 4.07. చలికాలంలో ఏసీ ఉండదు కాబట్టి చాలా ఇళ్లు పై స్లాబుకు పోవు. రాడ్డే నయం.

పటమట వదిన:
ఆ 60 శాతం కాగితం మీదే! మా అత్తయ్య నీళ్లు కళపెళా మరిగితే గానీ స్టవ్ కట్టరు.

బ్రాడీపేట మాస్టారు:
అయితే ఇంకా దండగ. 100 గ్రాముల నీళ్లు ఆవిరైతే 226 కిలోజౌళ్లు గాల్లో కలిసినట్టే. బకెట్ వేడిలో ఏడో వంతుకు దగ్గర.

సంగడిగుంట సాంబ:
లెక్కలు బాగానే ఉన్నాయి గానీ, ఏపీ ప్రభుత్వ దీపం-2 పథకం కింద మాకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. కరెంటు ఎవరిస్తారు ఉచితంగా?

కృష్ణలంక కుర్రాడు:
అన్నా, మాస్టారి లెక్కన సిలిండరుకు 230 బకెట్లు. ఇంట్లో నలుగురుంటే రెండు నెలలు కూడా రాదు, అదీ వంట చేయకుండా. నాలుగోది కొనుక్కోవాల్సిందేగా?

సంగడిగుంట సాంబ:
కొంటాం తమ్ముడూ. చిన్నపిల్లలున్న ఇంట్లో బకెట్లో రాడ్డు వేలాడదీసే ధైర్యం మాత్రం నాకు లేదు. రూపాయి ఎక్కువైనా గ్యాసే.