లేత్ మిషన్ షెడ్డు మార్చాలి: హైడ్రా క్రేనా, పైపులా?

మిర్యాలగూడ లేత్: రైస్ మిల్లుల పనులు చేసే చిన్న షాపు మాది. టన్నున్నర లేత్‌ను వెనక సందులో ఉన్న షెడ్డుకు మార్చాలి. మేస్త్రీ పైపుల మీద దొర్లిద్దాం అంటున్నాడు, తమ్ముడు హైడ్రా అంటున్నాడు. ఏది మేలు?

పాత టర్నర్, నల్లగొండ: పైపులే. గడ్డపారతో ఒక కొస లేపు, పైపు పెట్టు, తోయి. నాలుగు షాపులు ఇట్లనే మార్చాను. ఒకసారి హైడ్రా పిలిస్తే వాడు లీడ్ స్క్రూ (థ్రెడ్డు కోసేటప్పుడు టూల్‌ను నడిపే పొడుగు మర రాడ్డు) మీదుగా బెల్టు వేసి లేపాడు. స్క్రూ వంగింది. ఆ మిషన్ మీద మళ్లీ ఒక్క థ్రెడ్డు సరిగ్గా రాలేదు.

జడ్చర్ల ఫిట్టర్: అన్నా, అది బెల్టు వేసినవాడి తప్పు. బెల్టు బెడ్డుకు, అంటే మిషన్ పొడుగునా ఉండే ఇనుప దూలానికి వేయాలి, స్క్రూకు తగలకుండా చెక్క దిమ్మ పెట్టాలి. బరువు జాబును తిప్పే హెడ్‌స్టాక్ వైపు ఎక్కువ కాబట్టి బెడ్డు మీద జరిగే క్యారేజీ, టెయిల్‌స్టాక్ అవతలి కొసకు జరిపి బిగించాలి. రెండంగుళాలు లేపి ఆగాలి. ఒరిగితే దించి బెల్టు సర్దాలి. బెల్టులు మరీ చాచొద్దు. నేలకు 30 డిగ్రీల్లో ఉంటే ఒక్కో బెల్టు మీద టన్నున్నర పడుతుంది.

పాత టర్నర్, నల్లగొండ: రెండు బెల్టులుంటే చెరి సగమే కదా!

జడ్చర్ల ఫిట్టర్: నిలువుగా ఉంటేనే సగం. నిండు బకెట్‌ను ఇద్దరు పట్టుకుని దూరం జరిగి చూడండి.

దేవరకొండ: కిరాయి ఎంతో ఎవరైనా చెప్పండి ముందు.

పాత టర్నర్, నల్లగొండ: బకెట్ లెక్కలు నాకు చెప్పకు తమ్మీ. పైపుల మీద నా మిషన్ ఏనాడూ పడలేదు.

జడ్చర్ల ఫిట్టర్: మిషన్ పడలేదు సరే, మనుషులో? మా పాత ఓనర్ కూడా హైడ్రా దండగన్నాడు. గడప దగ్గర కొంచెం వాలు, వెనక తాడు కట్టలేదు. ముందు పైపు సర్దుతున్నది నేను. ఎడమ కాలి రెండు వేళ్లు పోయాయి. రెండు వేల రూపాయలు చేతిలో పెట్టి "చూసుకోవద్దా" అన్నాడు. ఆ సాయంత్రమే మిషన్‌కు మాత్రం మట్టం చూడ్డానికి స్పిరిట్ లెవెల్ పెట్టించాడు.

పాత టర్నర్, నల్లగొండ: నన్నెందుకంటావు? చిన్న షాపు నడిపితే తెలుస్తుంది, ఆ కిరాయి ఎన్ని రోజుల కష్టమో.

జడ్చర్ల ఫిట్టర్: అదే అంటున్నా. మిగిలే పైసలు మీవి, కింద పెట్టే కాలు ఇంకొకరిది.

మిర్యాలగూడ లేత్: ఇద్దరూ కోపం తెచ్చుకోకండి. హైడ్రాకే చెప్పాను. కానీ సందులోకి రాదంట.

జడ్చర్ల ఫిట్టర్: సందు మొగదాకా హైడ్రా. అక్కడి నుంచి పైపులు. వెనక చైన్ పుల్లీ కట్టి కొంచెం కొంచెం వదలండి, వాలు వైపు ఎవర్నీ నిలబెట్టకండి.

పాత టర్నర్, నల్లగొండ: చివరికి పైపులే కదా!